11 పుల్లల నుంచి 19 పుల్లల దాకా: గుంటూరులో ఒక ఫిజియోథెరపీ సెంటర్

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చాక మా అన్నయ్య నోరు సరిగా తెరుచుకోకపోతే, నాలుగున్నర నెలలుగా ఈ సెంటర్‌కు తీసుకెళ్తున్నాను. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది మెట్ల దగ్గర పోయింది. బోర్డు మీద ‘మొదటి అంతస్తు’ అని ఉంటుంది. కింద షాపులవాళ్లు సగం ఎత్తులో గోడౌన్ ఒకటి కట్టుకోవడంతో ఎక్కేది మాత్రం దాదాపు రెండంతస్తులు. 34 మెట్లు, లిఫ్ట్ లేదు, పట్టుకోవడానికి ఒకవైపే రెయిలింగ్. మొదటి రోజు మా అన్నయ్య మధ్యలో ఒక మెట్టు మీద కూలబడి, సరిగా తెరుచుకోని నోటితోనే, “దవడకు వైద్యం అన్నావు, మోకాళ్లకు కూడా కలిపే చేస్తారా ఏంటే?” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. పైకి వెళ్లగానే రిసెప్షన్‌లో అమ్మాయితో గొడవ పెట్టుకున్నాను. ఆ గొడవ ఫలితం ఏమిటంటే, ఇప్పుడు సగంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

అరండల్‌పేట వైపు సందుల్లో బండి పెట్టుకోవడం, శంకర్ విలాస్ సెంటర్ దాటడం గురించి గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. అది వీళ్ల తప్పు కాదు. ఆటోలో వెళ్లండి, అంతే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఈ రివ్యూ ఎందుకింత పొడవైందో మీకు అర్థమవుతుంది. డిగ్రీ కాలేజీలో 31 ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగానికి ముందు ఎం.ఫిల్.లో నా పనే రేడియేషన్ తగిలిన ఎలుకల కండరాలు. గామా చాంబర్లో కోబాల్ట్-60 కిరణాలు ఇచ్చిన ఎలుకల్లో పిక్క కండరం తీసి, కండరాన్ని ముడుచుకునేలా చేసే మయోసిన్ అనే ప్రోటీన్ ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలిచేవాళ్లం. మయోసిన్ కణంలోని ఇంధనాన్ని విరిచినప్పుడు విడుదలయ్యే ఫాస్ఫేటుకు మందు కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే పని అంత బాగా జరుగుతున్నట్టు. రేడియేషన్ మోతాదును ఇప్పుడు గ్రేల్లో కొలుస్తారు. అప్పట్లో పాత నోట్సుల్లో ‘రాడ్స్’ అని ఉండేది, 100 రాడ్లు ఒక గ్రే. ఆ సబ్జెక్టు మళ్లీ మా ఇంట్లోకే, అదీ అన్నయ్య మెడ మీదుగా వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అన్నయ్యకు 66. మిర్చి యార్డులో గుమస్తాగా చేరి, చివరికి సొంతంగా చిన్న కమీషన్ కొట్టు పెట్టినవాడు. ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చాడు. రెండేళ్ల కిందట గొంతులో టాన్సిల్ దగ్గర క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అక్కర్లేదని రేడియేషన్ ఇచ్చారు, దాంతోపాటు వారం వారం కీమో. వారానికి 5 రోజులు, 7 వారాలు, మొత్తం 35 సిట్టింగులు. సిట్టింగుకు 2 గ్రేలు, మొత్తం 70. జబ్బు పోయింది, తరువాతి స్కాన్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. అందరం హమ్మయ్య అనుకున్న ఏడాదికి నోరు మూసుకుపోవడం మొదలైంది.

ఒక్క రోజులో జరిగింది కాదు. ముందు ఇడ్లీ తుంచుకుని తిన్నాడు. తరువాత పెద్ద చెంచా పక్కన పెట్టి టీ చెంచా అడిగాడు. తరువాత వదిన అన్నం, పప్పు మిక్సీలో వేయడం మొదలుపెట్టింది. ఆవలింత వస్తే దవడ పట్టుకుని భయం భయంగా ఆపుకునేవాడు. దీన్ని డాక్టర్లు ట్రిస్మస్ అంటారు. పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య 35 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోకపోతే ఆ పేరు పెడతారు. మీరే చూసుకోండి, మామూలుగా మన మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా నోట్లో పడతాయి. అన్నయ్యకు ఒక్క వేలు, అదీ కష్టంగా పట్టేది.

ఇక్కడికి రాకముందు ఇంకో చోటికి వెళ్లాం. ఊరు, పేరు చెప్పను. అక్కడ ఒక స్క్రూ లాంటి పరికరం పళ్ల మధ్య పెట్టి తిప్పేవారు. “నొప్పి భరించాలి సార్, నొప్పి లేకుండా రాదు” అనేవారు. పది రోజులు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అన్నయ్య నోరెత్తలేదు, ఎత్తే వీలూ లేదు. పదకొండో రోజు బుగ్గ వాచింది. వెళ్లినప్పుడు 19 మిల్లీమీటర్లు ఉన్నది బయటికి వచ్చేసరికి 17 అయింది. డబ్బు పోతే పోయింది, ఆ 2 మిల్లీమీటర్లు పోవడం నాకు ఇప్పటికీ మండుతుంది. ఎందుకు మండుతుందో కింద చెప్తాను.

ఈ సెంటర్‌లో నాకు మొదట నచ్చింది, ముట్టుకోకముందు కొలవడం. స్టీలు స్కేలు స్పిరిట్‌తో తుడిచి, ముందు పళ్ల మధ్య నిలబెట్టి, మూడుసార్లు కొలిచి, మూడూ రాసింది ఫిజియో అమ్మాయి. 17, 17, 16. తరువాత బరువు చూసింది. తరువాత ఆవిడ అడిగింది వింటే నాకు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది: “ట్రీట్‌మెంట్ టైములో ఎన్ని కిలోలు తగ్గారు అంకుల్? ఎన్ని రోజులు సరిగా తినలేదు?”

మీకు ఇది మామూలు ప్రశ్నలా అనిపించవచ్చు. మా ల్యాబ్‌లో అసలు తలనొప్పి ఇదే. రేడియేషన్ తగిలిన ఎలుక తిండి మానేస్తుంది. తిండి మానేస్తే కండరం తనను తానే కరిగించుకుంటుంది. కండరంలో ఉండే క్రియాటిన్ అనే పదార్థం మూత్రంలో ఎక్కువగా పోతుంది, బరువు తగ్గుతుంది, కండరంలో ప్రోటీన్ తగ్గుతుంది. అది కిరణాల వల్లా, ఆకలి వల్లా? తెలియదు. తెలుసుకోవాలంటే కిరణాలు తగలని ఇంకో ఎలుకను పక్కన పెట్టి, మొదటిది ఈ రోజు ఎన్ని గ్రాములు తిన్నదో తూచి రెండోదానికి అన్నే గ్రాములు పెట్టాలి. జతకట్టి తిండి పెట్టడం అన్నమాట. అలా చేస్తే, మనం రేడియేషన్ ఖాతాలో రాసిన నష్టంలో కొంత ఆకలి ఖాతాలోకి మారిపోతుంది. నేను రోజూ పొద్దున్నే ఎలుకలు వదిలేసిన తిండి తూచినదాన్ని. ఆ ప్రశ్న ఒక 28 ఏళ్ల పిల్ల నోట వినడం ఎంత బాగుందో చెప్పలేను.

అన్నయ్య 68 కిలోల నుంచి 57కి పడిపోయాడు, ముక్కులోంచి ట్యూబ్ వేసి తిండి పెట్టిన రోజులు ఉన్నాయి. “ముందు బరువు పెరగాలి అంకుల్. తిండి లేకుండా ఎక్సర్‌సైజు చేయిస్తే ఉన్న కండ కూడా పోతుంది” అంది. రోజుకు రెండు గుడ్లు, పెరుగు, జారుగా ఉడికించిన పెసరపప్పు, మధ్యలో వేరుశనగ పొడి కలిపిన జావ రాసిచ్చింది. ఫీజు తీసుకోని సలహా అది.

ఇప్పుడు గోడ మీది పోస్టర్ సంగతి. లోపలి గదిలో మెడ బొమ్మ గీసి, ఎర్ర రంగు పూసి, ‘రేడియేషన్ వల్ల కండరాలు కాలిపోతాయి’ అని ఉండేది. నేను ఊరుకుంటానా? “అమ్మా, ఇది తప్పు” అన్నాను. ఆవిడ నొచ్చుకోకుండా, “ఎలా చెప్పాలో మీరే చెప్పండి మేడమ్” అంది. అన్నయ్య నోట్లో వైద్యం పుల్లలు (వాటి సంగతి తరువాత చెప్తాను) ఉన్నాయి కాబట్టి ఆపడానికి లేదు, చెప్పాను.

కాలడం అంటే వేడి. ఒక గ్రే అంటే కిలో పదార్థంలో ఒక జౌల్ శక్తి. అన్నయ్యకు 7 వారాల్లో ఇచ్చిన 70 గ్రేలూ ఒకే దెబ్బకు నీళ్లలోకి పంపినా, ఆ నీళ్లు డిగ్రీలో యాభయ్యో వంతు కూడా వేడెక్కవు. మీరు ఒక గుక్క టీ తాగితే నాలుకకు అంతకన్నా ఎక్కువ వేడి తగులుతుంది. చర్మం నల్లబడితే ‘కాలింది’ అంటాం గానీ అది పొయ్యి మంట పని కాదు. కిరణం వెళ్తూ వెళ్తూ ఒంట్లోని నీటి అణువులను విరగ్గొడుతుంది. వాటిలోంచి హైడ్రాక్సిల్ రాడికల్ అనే ముక్క పుడుతుంది. దాని ఆయుష్షు కంటిరెప్ప పాటులో కోటో వంతు కూడా ఉండదు, ఆ లోపు పక్కన ఏది దొరికితే దాన్ని కరుస్తుంది. మయోసిన్ మీద గంధకం ఉన్న చోట్లు దానికి తేలిగ్గా దొరుకుతాయి. ఆ చోట్లు పోతే మయోసిన్ ఇంధనాన్ని విరిచే పని మందగిస్తుంది.

“అయితే నా కండరం అందుకే పోయిందా?” అని సైగ చేశాడు అన్నయ్య.

కాదు. ఇక్కడే అందరూ పొరబడతారు. పుల్లలు తీసేశాక వాడికి వాడి భాషలో చెప్పాను. యార్డులో నీ కొట్లో వెయ్యి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయనుకో. నాలుగు టిక్కీలు చినిగాయి, పదింట్లో తాలు కాయ కలిసింది. వ్యాపారం ఆగుతుందా? ఆగదు, రేపు ఇంకో లారీ వస్తుంది. అదే నీ పద్దుల పుస్తకం ఎలుక కొరికేస్తే? ప్రోటీన్లు టిక్కీలు. ఒక్కో కండర తంతువులో, అంటే కండరంలోని సన్నని పోగులో, మయోసిన్, ఆక్టిన్ లాంటి ప్రోటీన్లు లెక్కలేనన్ని ఉంటాయి, పాడైనవి పోయి కొత్తవి వస్తూనే ఉంటాయి. డీఎన్ఏ పద్దుల పుస్తకం. దానికి దెబ్బ తగిలిన కణం, తరువాత రెండుగా విడిపోవాల్సి వచ్చినప్పుడు విడిపోలేక చస్తుంది. “పద్దుల పుస్తకం అంటే అర్థమైంది” అన్నాడు అన్నయ్య. ఆ మాట మాత్రం తడుముకోకుండా.

విడిపోయే పని ఎక్కువున్న కణానికి కిరణాల దెబ్బ ఎక్కువ అని 1906లోనే ఫ్రాన్స్‌లో బెర్గోనియే, ట్రిబోండో అనే ఇద్దరు చెప్పారు. వాళ్లు చూసింది కూడా ఎలుకల్లోనే. అందుకే ఎలుక ఒళ్లంతటికీ 7, 8 గ్రేలు ఒకేసారి తగిలితే ఎముక మజ్జ దెబ్బతిని, రక్త కణాలు పుట్టక, నెల లోపు చాలా ఎలుకలు చచ్చిపోతాయి. అదే ఎలుక పిక్క కండరం కోసి మైక్రోస్కోప్ కింద పెడితే చారలు చక్కగా ఉంటాయి, పెద్ద తేడా ఏమీ కనిపించదు. పెరిగిన కండర తంతువు విడిపోదు కదా. పాత పుస్తకాల్లో ‘కండరం రేడియేషన్‌కు లొంగదు’ అని రాసింది అందుకే. మేమూ పిల్లలకు అదే చెప్పాం. 70 గ్రేలు తగిలినా అన్నయ్య బతికి ఉన్నాడంటే, అది కాస్త మేరకే పడటం వల్ల, రోజుకు రెండేసి చొప్పున విడగొట్టి ఇవ్వడం వల్ల.

కానీ ఆ తంతువు పక్కనే, దాని పొర కింద నక్కి కూర్చుని చిన్న కణాలు ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తూ వాటిని పట్టుకుని శాటిలైట్ కణాలు అని పేరు పెట్టాడు. కండరం చిరిగితే కుట్టుపని చేసేవి అవే. మామూలు రోజుల్లో నిద్ర. గాయమైతే లేచి, విడిపోయి, కొత్త తంతువు కడతాయి. కిరణాల దెబ్బ వీటికి గట్టిగా తగులుతుంది. చిట్టెలుక కాలికి 18 గ్రేలు ఒకేసారి ఇచ్చి, తరువాత ఆ కండరానికి గాయం చేస్తే, అది మళ్లీ సరిగా కట్టుకోదు. ఆ మోతాదును ప్రయోగశాలల్లో కావాలనే వాడతారు, కండరం బాగుపడకుండా ఆపి చూడటానికి. చిన్న వయసు ఎలుక కాలికైతే కండరం పూర్తిగా పెరగకుండానే ఆగిపోతుంది. గాయం చేయకపోతే మాత్రం పెద్ద ఎలుక ఆ కాలితో మామూలుగానే నడుస్తుంది. లోపం లోపలే ఉంటుంది, అవసరం వచ్చిన రోజు బయటపడుతుంది.

ఇప్పుడు అర్థమైందా, ఆ స్క్రూ తిప్పినవాళ్ల మీద నాకు అంత కోపం ఎందుకో? మామూలు మనిషి దవడను గట్టిగా లాగితే కాస్త చిరుగుతుంది, వారంలో కుట్టు పడుతుంది. అన్నయ్య దవడ లోపల కుట్టేవాళ్లు తక్కువ. చిరిగిన చోట కండరం బదులు పీచు కడుతుంది. కొలాజెన్ అనే పీచు ప్రోటీన్ ఎక్కువగా చేరి, మెత్తగా సాగాల్సిన చోటు పాత గోనె అంచులా బిగుసుకుపోతుంది. టాన్సిల్‌కు దగ్గర్లోనే నోరు మూసే కండరం ఒకటి ఉంది, కిరణాల దారిలో అదీ పడుతుంది. ఈ బిగుసుకోవడం ట్రీట్‌మెంట్ అయిన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు కూడా పెరుగుతూ ఉంటుంది. నోరు తెరిచే ఎక్సర్‌సైజు సిట్టింగులు నడుస్తున్నప్పుడే మొదలుపెట్టాలని, రేడియేషన్ ఇచ్చిన చోట మాకెవరూ నోటితో చెప్పలేదు. ఫైల్లో కాగితం ఉందట. 60 కాగితాల ఫైలు అది.

ఈ సెంటర్‌లో పద్ధతి ఐస్‌క్రీమ్ పుల్లలు. అవును, పుల్లలే. కొత్తగా వెళ్లినవాళ్లు ‘ఇంత ఫీజు తీసుకుని పుల్లలా’ అని మొహం పెడతారు. నేనూ పెట్టాను. ఒక్కోటి మిల్లీమీటరున్నర మందం. 11 పుల్లలు పేర్చి రబ్బరు బ్యాండ్ వేస్తే మా 17 మిల్లీమీటర్లు. కాసేపు గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి పెడతారు. అన్నయ్యకు లాలాజలం సరిగా ఊరదు, ఎండు చెక్క తగిలితే పెదవి అంటుకుపోయి చర్మం లేస్తుంది. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య కట్ట పెట్టి, అయిదు నిమిషాలు అలాగే ఉంచి, మధ్యలో చెవి ముందు, బుగ్గ మీద వేళ్లతో మెల్లగా నొక్కుతుంది ఆవిడ. అప్పుడు పన్నెండో పుల్ల తీస్తుంది.

ఆ పన్నెండో పుల్లను నేను దగ్గర నుంచి చూశాను. కట్ట పైన పెట్టదు, కింద పెట్టదు. మధ్యలో, ఆరోదానికీ ఏడోదానికీ నడుమ కొస ఆనించి, “ఊపిరి వదలండి అంకుల్” అంటుంది. ఊపిరి వదులుతున్నప్పుడు బుగ్గ కొద్దిగా వదులవుతుంది. ఆ వదులైనంతే తోస్తుంది. పుల్ల అరంగుళం జరుగుతుంది, ఆగుతుంది. చెక్క మీద చెక్క రాసుకున్న సన్నని చప్పుడు వినిపిస్తుంది. అన్నయ్య కుడి చేయి కుర్చీ మీదే ఉంటుంది, చూపుడు వేలు లేపితే ఆపాలని ఒప్పందం. వేలు లేచింది. ఆవిడ వెంటనే పుల్ల వెనక్కి లాగేసింది, ‘ఇంకొంచెం’ అనలేదు. “పర్లేదు, రేపు చూద్దాం” అంది. మర్నాడూ పట్టలేదు. నాలుగో రోజు పట్టింది. పన్నెండో పుల్ల పూర్తిగా లోపలికి వెళ్లినప్పుడు అన్నయ్య కళ్లు నా వైపు తిప్పాడు. యార్డులో తేజ రకం మిర్చికి మంచి రేటు పలికినప్పుడు వాడి మొహం అలాగే ఉండేది.

ఇంటి దగ్గర రోజుకు ఐదుసార్లు చేయాలి. కట్ట మీద బాల్‌పెన్‌తో తేదీ, పుల్లల సంఖ్య రాసిస్తారు. వాట్సాప్‌లో ఫొటో పంపకపోతే సాయంత్రం ఫోన్ వస్తుంది. వదినకు ఆ ఫోన్ అంటే టెన్షన్, అన్నయ్యకు ఆ టెన్షన్ అంటే సరదా.

మెడకు వేరే పని. అన్నయ్య స్కూటర్ మీద వెనక్కి చూడలేకపోయేవాడు, మొత్తం ఒళ్లు తిప్పాల్సి వచ్చేది. ఇక్కడ స్టూలు మీద కూర్చోబెట్టి, పక్క గోడ మీద ముక్కు చూపు ఎంతదాకా వస్తే అక్కడ సుద్దముక్కతో గీత పెడతారు. ఆ గోడ నిండా రకరకాల మనుషుల గీతలు, పక్కన వాళ్ల పేర్ల పొడి అక్షరాలు. మా ‘కె’ గీతలు నాలుగు నెలల్లో కిటికీ అంచు దాకా జరిగాయి. సున్నం వేయించకండి అని చెప్పి వచ్చాను.

పోస్టర్ మారింది. ఇప్పుడు ‘రేడియేషన్ తరువాత కండరం తనను తాను బాగుచేసుకునే శక్తి తగ్గుతుంది, అందుకే రోజూ మెల్లగా’ అని ఉంది. ‘మెల్లగా’ అన్న మాట పెద్ద అక్షరాల్లో. నా పేరు వేస్తామన్నారు, వద్దన్నాను.

ఒకరోజు వెయిటింగ్ హాల్లో అన్నయ్య అడిగిన ప్రశ్న చెప్పాలి. “మన కారానికి కూడా ఈ రేడియేషనే పెడతారు కదే, ఎక్స్‌పోర్టు సరుకుకి? అది తిన్నవాళ్ల దవడలు ఏమవుతాయి?” చుట్టూ నలుగురు తల తిప్పారు. మసాలా దినుసులకు పురుగు, బూజు, బ్యాక్టీరియా చావడానికి గామా కిరణాలు ఇవ్వడం నిజమే. అక్కడ మోతాదు గ్రేల్లో కాదు, కిలోగ్రేల్లో. అన్నయ్యకు ఇచ్చినదానికి వంద రెట్లు. అయినా కారం కారంలాగే ఉంటుంది, ఎందుకంటే ఎండిన సరుకులో నీళ్లు తక్కువ, నీళ్లు తక్కువైతే కరిచే ముక్కలు తక్కువ. అదే పచ్చి మాంసానికి అంత మోతాదు ఇస్తే మయోసిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కొవ్వు పాడై ఒక రకం వాసన వస్తుంది. అందుకే ఎక్కువ మోతాదు ఇవ్వాల్సి వస్తే గడ్డకట్టించి ఇస్తారు. ఇక కిరణం తగిలిన కారంలో కిరణం మిగలదు. లైటు ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే. “అయితే మన సరుకుకి ఇబ్బంది లేదు” అని అన్నయ్య నిశ్చింతగా కూర్చున్నాడు. వాడి దిగులు దవడ గురించి కాదు, సరుకు గురించి.

నచ్చనివి కూడా చెప్పాలి. టైము ఇచ్చి టైముకి పిలవరు. 10:30 అంటే 11:15. మధ్యలో వీఐపీలు ఎవరో నేరుగా లోపలికి వెళ్తారు. ఏసీ నీళ్లు వెయిటింగ్ బెంచీ చివర కారుతుంటాయి, ఆ చోటు ఖాళీగా కనిపిస్తే కూర్చోకండి. రశీదు అడిగితే తప్ప ఇవ్వరు. సిట్టింగుకు 350, పది కలిపి 3,000. ప్యాకేజీ కడితే మధ్యలో మానేసినవాళ్లకు డబ్బు వెనక్కి ఇవ్వరు, కట్టే ముందే అడగండి.

ఒక సంగతి మాత్రం సీరియస్‌గా చెప్తున్నాను. మూడో వారంలో ఫిజియో మేడమ్ లేని రోజు, అసిస్టెంట్ కుర్రాడు అందరికీ పెట్టినట్టే అన్నయ్య మెడకు వేడి ప్యాక్ పెట్టబోయాడు, తరువాత అల్ట్రాసౌండ్ మెషిన్ (స్కానింగ్‌ది కాదు, ఫిజియోథెరపీలో వాడేది) లాక్కొచ్చాడు. నేను చేయి అడ్డం పెట్టాను. రేడియేషన్ తగిలిన చర్మానికి స్పర్శ తక్కువ ఉండవచ్చు, వేడి ఎక్కువైనా తెలియదు, బొబ్బలు లేస్తాయి. క్యాన్సర్ ఉన్న చోట అల్ట్రాసౌండ్ మెషిన్ పెట్టకూడదని ఫిజియో చదివినవాళ్లందరికీ తెలుసు. “రొటీన్ మేడమ్” అన్నాడు పాపం. మేడమ్‌కు ఫోన్ చేస్తే అరగంటలో ఆవిడే వచ్చింది, క్షమించమంది, అన్నయ్య ఫైలు మీద ఎర్ర ఇంకుతో ‘వేడి వద్దు, మెషిన్ వద్దు’ అని రాసింది. మీవాళ్లను తీసుకెళ్తే మొదటి రోజే ఆ రెండు మాటలు రాయించుకోండి. రేడియేషన్ డాక్టర్ సమ్మరీ కాగితం, ఎన్ని గ్రేలు ఎక్కడ ఇచ్చారో ఉన్నది, వెంట తీసుకెళ్లండి. ఆవిడ దాన్ని నిజంగా చదువుతుంది.

ఎవరికి పనికొస్తుంది? ట్రీట్‌మెంట్ ఇప్పుడిప్పుడే నడుస్తున్నవాళ్లు ముందు వెళ్లాలి, నోరు ఇంకా తెరుచుకుంటున్నప్పుడే. మాలాగా ఏడాది దాటాక వెళ్తే మిల్లీమీటరు మిల్లీమీటరుకు దేవుళ్లాడాలి. దవడ ఎముకలో నొప్పి, పుండు, కొత్తగా గడ్డ ఉంటే మాత్రం ఇక్కడికి కాదు, ముందు క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి. ఈ ముక్క ఆవిడే మొదటి రోజు అంది, చూయించుకున్న కాగితం తెస్తేనే మొదలుపెట్టింది. అదీ నాకు నచ్చింది.

నాలుగున్నర నెలలైంది. నిన్న కొలిస్తే 29, 28, 29. అంటే 19 పుల్లలు. బరువు 61. 35 రావాలంటే ఇంకో నాలుగైదు పుల్లలు పట్టాలి. పడతాయో లేదో ఆవిడ మాట ఇవ్వదు, నేనూ ఇవ్వను. పోయిన ఆదివారం అన్నయ్య ఇడ్లీ తుంచకుండా సగం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు. చట్నీలో కారం లేదని వదినతో గొడవ కూడా పడ్డాడు. కారం వేస్తే గొంతు మండి తినలేడు, ఆ సంగతి వాడికీ తెలుసు.

సోమవారం నుంచి శనివారం దాకా ఉంటారు. పొద్దున 9 గంటల స్లాట్ అడగండి, అప్పుడు ఆలస్యం ఉండదు. నీళ్ల సీసా మీదే తెచ్చుకోండి. మెట్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు కాస్త కుంటి, గోడవైపు ఒరిగి కూర్చోవాలి.